మూడు బారల గాజుతీగ

“తుడిచావా? దేంతో తుడిచావు?”

“కొంగుతో. ఇంకేందీ, పట్టుచీరతో తుడవాలా దాన్ని?”

“ఏ కొంగు? పొద్దుటి నుంచి మిరపకాయల తొడిమలు తుంచుతున్నావే, ఈ కొంగేనా?”

“నాకు పది కొంగులున్నాయా? ఒంటి మీదున్నది ఇదొక్కటే.”

“నాయనమ్మా, దాన్ని ముట్టుకోవద్దని నీకు ఎన్నిసార్లు చెప్పాను?”

“ముట్టుకోవద్దనీ చెప్పావు, దుమ్ము పడకూడదనీ చెప్పావు. మూతి బోసిగా ఉంటే దుమ్ము పడుద్దా పడదా? కనపడిన దుమ్మును తుడవకుండా ఎట్టా ఊరుకునేది?”

“బోసిగా ఎందుకుంది? నేను టోపీ పెట్టే కదా కట్ట మీదికి వెళ్లింది. ఆ టోపీ ఏమైంది?”

గోడకు తగిలించిన నా గొడుగు వైపు చూపు పోకుండా ఆపుకున్నాను. నా మనవరాలికి చిన్నప్పటి నుంచీ అదొక విద్య. నేను ఎటు చూస్తున్నానో కాదు, ఎటు చూడటం లేదో కనిపెడుతుంది. తిన్నగా పోయి గొడుగు దించి విప్పింది. ఎనిమిది ఊచల్లో నాలుగింటి కొసలకు తెల్లటి చిన్న టోపీలున్నాయి.

“నాలుగు!” అంది. “మూడు నెలల నుంచీ ఇవి ఎటు పోతున్నాయా అని నా సంచీ అంతా దులుపుతున్నాను.”

“ఊచల కొసలు గుడ్డను చించుతున్నాయి. టోపీ పెడితే గొడుగు ఇంకో నాలుగేళ్లు వస్తది. నీకు సంచీ నిండా ఉన్నాయిగా, నాలుగు పోతే ఏం మునిగింది?”

“మునిగింది. నీ గొడుగు బాగుపడింది, నా పని మునిగింది.”

నేను ఊరుకోలేదు. బియ్యం డబ్బా జరిపి, పప్పుల డబ్బాలు జరిపి, ఆ గది నీకిచ్చింది ఎవరే అని అడిగాను. గోడకు మేకు కొట్టనివ్వని దాన్ని, నీ తీగ కోసం కిటికీ చెక్కకు బెజ్జం పెట్టనిచ్చాను కదే అని అడిగాను. మామూలుగా అయితే నా మాటకు రెండు మాటలు అనేది. ఆ రోజు పోయి గడప మీద కూర్చుంది. గడప మీద ఎవరు కూర్చున్నా నేను ఒప్పుకోను. మగపిల్లల్ని కూడా చెవి మెలేసి లేపిన దాన్ని. ఆ రోజు లేపలేదు. అప్పటికి నాకు అర్థమైంది, ఇది టోపీల తగాదా కాదని.

సంగతేమిటో మొదటి నుంచి రాస్తాను. నేను చదివింది నాలుగో తరగతి దాకా. రాయటం, కూడటం వచ్చు. నా మనవరాలి చదువు గురించి నాకు తెలిసిందల్లా ఆమె నాకు చెప్పినంతే. అది కూడా నా మాటల్లోకి మార్చుకుంటే గానీ నాకు నిలవదు.

మా ఊరు రొంపిచెర్ల పక్కన. ఇంటి వెనక మా చేను, చేను చివర మేజరు. పెద్ద కాలువ నుంచి చీలి ఊళ్లకు నీళ్లు తెచ్చే కాలువను మేం మేజరు అంటాం. దాని కట్ట మా చేనికి నిలువెత్తు పైన ఉంటుంది. కట్టలో ఎండ్రకాయో పందికొక్కో బొరియ చేసిందంటే నీళ్లు లోపల్లోపల దారి చేసుకుంటాయి. దాన్ని బుంగ అంటారు. బుంగను మొదట్లోనే పట్టుకుంటే నాలుగు ఇసుక మూటలతో పోద్ది. పట్టుకోలేదా, గండే. ఒక ఏడు అట్టా గండి పడి మా ఎకరన్నర మిరపతోట మీద మోకాలి లోతు ఇసుక మేట వేసింది. కల్లంలో ఆరబోసిన కాయలు నీళ్ల మీద తేలుకుంటూ ఊరి దాకా పోయాయి. ఎర్రగా, చూడటానికి పెళ్లి పందిట్లో పరిచిన తివాచీ మాదిరి. నేను ఒడ్డున నిలబడి చూశాను. ఏడవలేదు. ఏడిస్తే కాయలు వెనక్కి రావుగా.

ఆ తర్వాత నుంచి మా ఆయన నీళ్లున్నన్ని రోజులూ తెల్లారగట్ల కట్ట మీద నడిచేవాడు. పది అడుగులకొకసారి చేతికర్ర మొన నేలలో గుచ్చి, పైకొసకు చెవి ఆనించి వినేవాడు. లోపల నీళ్లు నడుస్తుంటే కర్రలోంచి సన్నటి చప్పుడు వస్తదంట. పెద్దోడి కూతురు, ఈ పిల్లే, సెలవులకు వచ్చినప్పుడు ఆయన వెంట పోయేది. ఆయన చెవి తీశాక తన చెవి పెట్టేది. “ఏం వినపడుతుందే?” అంటే, “తాత ఊపిరి” అనేది.

ఆ పిల్ల పెద్దదై వెలుతురు గురించి చదివింది. వెలుతురు గురించి ఇన్నేళ్లు చదవటానికి ఏముందో నాకు తెలియదు. బెంగుళూరులో మంచి ఉద్యోగం చేసింది. రెండేళ్ల కిందట అది మానేసి, ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి ఒక పెట్టె తయారు చేసింది. ఉద్యోగం మానేసినందుకు నేను ఆమెతో నెల రోజులు మాట్లాడలేదు. తర్వాత ఆమే ఆ పెట్టె తీసుకొని మా ఇంటికి వచ్చింది. మాట్లాడక ఏం చేస్తాను?

పెట్టె సూట్‌కేసంత ఉంటుంది. దానికి ఒక తీగ బిగిస్తారు. పైన పసుపుపచ్చ తొడుగు, లోపల దారాలు, వాటి నడుమ గాజు. గాజు నా తెల్ల వెంట్రుక కంటే కాస్త లావు, అంతే. ఆ తీగనే కట్ట బయటివైపు పాదం వెంబడి మోకాలి లోతులో పూడ్పించింది, అర మైలు పొడుగున. తీగ ఒక కొస మా కిటికీలోంచి లోపలికి వచ్చి పెట్టెకు బిగుసుకుంటుంది. పెట్టె వెలుతురు పంపుద్ది. పోయిన వెలుతురులో తీగ పొడుగునా అడుగడుగునా ఇసుమంత వెనక్కి వస్తది. నేల అదిరితే, ఆ చోటి నుంచి వచ్చే వెలుతురు మారుద్ది. ఏ చోట మారిందో పెట్టె గీత గీసి చూపిస్తుంది.

“అంటే మీ తాత కర్రేగా?” అన్నాను.

“కర్రే, నాయనమ్మా. కాకపోతే అర మైలు కర్ర. అన్ని చోట్లా ఒకేసారి చెవి.”

ఆ వెలుతురు కంటికి కనపడదు. దాన్ని సన్నగీత లేజర్ అంటారంట. సన్నం అంటే ఎంతే, దారమంతా అని అడిగాను. లావూ సన్నం కాదు, రంగు సన్నం అంది. ఒకే ఒక్క రంగు. పక్క రంగులోకి వీసమెత్తు కూడా జారకూడదు. నేను కార్తీకానికి వత్తులు చేస్తున్నాను అప్పుడు. చేతిలో దూది తీసి చూపించాను. నూలు మంచిదా కాదా అనేది సన్నం బట్టి కాదు, ఉండలు లేకుండా కొస నుంచి కొస దాకా ఒకే తీరుగా ఉందా లేదా అన్న దాన్ని బట్టి. “ఆఁ, అదే!” అని నా బుగ్గ గిల్లింది. “వెలుతురే వణికితే, వణికింది నేలో వెలుతురో ఎట్టా తెలుస్తుంది?”

అది నాకు వెంటనే తెలిసింది. కాటా ఊగుతుంటే మిరప బస్తా బరువు ఎవరు చెప్పగలరు?

అందుకని ఆ పెట్టెకు కదలిక తగలకూడదు. బల్ల మీద పెడితే ఫ్యాను అదురు వస్తుందంది. స్పంజి ముక్కలు తెచ్చి అడుగున వేసింది, అయినా కుదర్లేదు. నేను నా పాత చీరలతో కుట్టిన బొంత నాలుగు మడతలు వేసి, దాని మీద ఇల్లు కట్టినప్పుడు మిగిలిన మాచర్ల నాపరాయి పెట్టి, దాని మీద పెట్టెను ఎక్కించాను. గీతలు కుదుటపడ్డాయి. ఆ బొంతను ఫొటో తీసి బెంగుళూరు పంపింది. ఆ నాపరాయిని పారేయమని మా పెద్దోడు ఇరవై ఏళ్ల నుంచీ పోరుతున్నాడు.

ఇక తగాదా రోజుకు వస్తాను. మర్నాడు పొద్దున ఏడింటికి కాలువ ఇంజనీర్లు రావాలి. ఆ మర్నాడు మేజరు కట్టేస్తారు. మళ్లీ నీళ్లు వచ్చేది వానాకాలంలోనే. నీళ్లు లేని కట్టలో ఏం వింటారు? ఆ ఒక్క పొద్దున ఈ పెట్టె కట్టను వినగలదని చూపిస్తే, మిగతా కట్టకూ తీగ వేసే మాట ఆలోచిస్తామన్నారు. చూపించలేకపోతే పెట్టె బెంగుళూరు వెళ్లిపోద్ది. ఆ ముగ్గురు పిల్లలూ తలా ఒక ఉద్యోగం వెతుక్కోవాలి. ఇది ఆమె నాకు దాచకుండా చెప్పింది.

చెప్పిన మర్నాడే నేను కొంగుతో తుడిచాను.

పెట్టెకు బిగించే తీగ కొసను ఆమె పొద్దున విప్పి, టోపీ పెట్టి, కొక్కేనికి తగిలించి కట్ట మీదికి పోయింది. నా గొడుగుకు ఐదో టోపీ కావాలి. తీశాను. అది అక్కడే ఎక్కడో జారిపడి పోయింది. బోసి మూతి చూసి మనసొప్పక, ఇత్తడి గిన్నె మూతి తుడిచినట్టు గట్టిగా రెండు చుట్లు తుడిచి, ఆమె ఎట్టా బిగిస్తుందో చూసి ఉన్నాను గనక, కుళాయి మర తిప్పినట్టు తిప్పి పెట్టెకు బిగించాను కూడా. సాయం చేశాననుకున్నాను. ఆమె వచ్చి మీట నొక్కింది. తెరంతా జల్లెడలో రవ్వ పోసినట్టు చుక్కలైపోయింది.

తీగ విప్పి, ఫోనుకు తగిలించే చిన్న భూతద్దం కింద పెట్టి నాకు చూపించింది. గుండ్రంగా చందమామ. సరిగ్గా నడిమధ్య నల్లటి కాలిన పుండు.

“మిరపపొట్టు,” అంది. “అంత సన్నటి దారిలో రేణువు అడ్డం పడింది. వెలుతురు దాన్ని కాల్చి గాజుకు అంటించేసింది. ఇది ఇక తుడిస్తే పోదు.”

పెట్టె మూతిని మాత్రం పుల్లకు చుట్టిన ప్రత్యేకమైన గుడ్డతో ఆరుసార్లు శుభ్రం చేసింది. దాని మీద మసే గానీ పుండు లేదు. ఆరోసారికి ఆమె ఊపిరి వదిలింది. నేనూ వదిలాను. హైదరాబాదు ఫోన్ చేస్తే కొత్త తీగ రావటానికి రెండు రోజులన్నారు. రెండు రోజులకు కాలువలో నీళ్లుండవు.

గడప మీద నుంచి లేచి ఇంకో ఫోన్ చేసింది. గంటలో నరసరావుపేట నుంచి బండి మీద ఒకతను వచ్చాడు. నలభై ఐదేళ్లుంటాయి. ఇళ్లకు ఇంటర్నెట్టు తీగలు వేసి, తెగితే అతికే మనిషి. కట్ట వెంట తీగ పూడ్చినప్పుడు అతుకులు వేసింది అతనే. వాళ్ల నాన్న బజార్లో గడియారాలు బాగుచేసేవాడు. మా ఆయన చేతి గడియారం కూడా వాళ్ల కొట్టుకే పోయేది. నన్ను పెద్దమ్మా అంటాడు.

మూతి చూశాడు. నా కొంగు చూశాడు.

“తెగిన తీగైతే ఎన్ని అతుకులైనా వేస్తా మేడం. కాలిన కొస కోసేసి కొత్త మూతి అతకొచ్చు. కానీ ఆ మూతేదీ? నా దగ్గరున్నవన్నీ పలక మూతులు, తోసి పెట్టేవి. మీ పెట్టెది గుండ్రటి మర మూతి. అందులోనూ పచ్చది.”

“రంగుకేముంది నాయనా, పచ్చైతే ఏంది నీలమైతే ఏంది?” అన్నాను.

“రంగు కాదు పెద్దమ్మా. పచ్చదాని మొహం వాలుగా కోసుంటది. వెలుతురు తిరిగి పెట్టె కళ్లలో కొట్టకుండా. వాలుదానికి వాలుదే ఆనాలి.”

నిమ్మ అంటు కట్టేటప్పుడు రెండు కొమ్మల్నీ ఒకే వాలులో కోస్తాం. లేకపోతే అతకవు. ఆ సంగతి నాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

ఇక్కడ నేను ఒక మాట ఒప్పుకోవాలి. అతను గుండ్రటి మూతి, పచ్చది అన్నప్పుడే నాకు తెలుసు, అది ఎక్కడుందో. అయినా కొంచెంసేపు నోరు విప్పలేదు.

పెట్టె వచ్చిన కొత్తలో ఒక పొడుగాటి తీగ మంచం కోడు కింద పడి నడిమికి నలిగింది. లోపల గాజు విరిగింది. పిల్ల దాన్ని రెండు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసింది. నేను బుట్టలోంచి తీశాను. మంచి తొడుగు, కొసకు లోహపు మూతి, ఎవరు పారేస్తారు? కానీ పోయిన నెల ఆమె నా అటక దులిపి, డబ్బాలూ తాళ్లూ సీసాలూ రెండు బస్తాలు బయట పడేసి, “ఇంకెప్పుడూ పనికిరానివి దాయనని నా మీద ఒట్టెయ్యి” అంది. వేశాను. తీగ ముక్కలున్న డబ్బా మాత్రం పసుపు కొమ్ముల వెనక పెట్టాను. ఇప్పుడు బయటికి తీస్తే ఒట్టు సంగతి బయటపడుద్ది. తీయకపోతే పిల్ల పని పోద్ది. ఇందులో ఆలోచించటానికి ఏముంది అని ఎవరైనా అడగొచ్చు. నా వయసుకు వచ్చాక అడగండి.

లోపలికి పోయి డబ్బా తెచ్చి అతని ముందు పెట్టాను. మూత తీశాడు. చుట్టగా చుట్టి, నూలుతో కట్టి, ఒక ముక్క. కొసకు గుండ్రటి పచ్చ మూతి. మూతికి టోపీ.

“అరే, పెద్దమ్మా!” అన్నాడు.

నా మనవరాలు డబ్బా వైపు కాదు, నా వైపు చూసింది. “నువ్వు ఒట్టేశావు.”

“దాయనని వేశాను. ఇది ఒట్టుకు ముందు దాచింది.”

“రెండో ముక్క ఏది?”

“చిక్కుడు పాదుకు కట్టా.”

“దాని టోపీ?”

“గొడుగుకుంది.”

అతను తల వంచుకొని నవ్వు దాచుకున్నాడు. ఆమె దాచుకోలేక నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. కొంగుతో తుడుస్తానేమోనని నా చెయ్యి పట్టి ఆపింది. మిరపకాయల కొంగు కదా.

భూతద్దం కింద పెడితే చందమామ తెల్లగా ఉంది. అంచున ఒక నలుసు. పొడి గుడ్డతో ఒక్క రాపిడికి పోయింది. అతను తలుపులు మూయించాడు, ఫ్యాను ఆపించాడు. కల్లంలో కాయలున్నన్నాళ్లూ మా ఊరి గాలిలోనే కారం ఉంటుంది. తర్వాత నసుగుతూ అన్నాడు. “పెద్దమ్మా, ఏమనుకోవద్దు. మీరు చీర మార్చుకొని రండి.”

నా ఇంట్లో నాకు ఆ మాట చెప్పిన మనిషి లేడు. పోయి స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకొని, జుట్టు ముడేసుకొని వచ్చి కూర్చున్నాను. అతకబోయే ముందు దాచిన ముక్కను చేతులు చాచి కొలిచాను. మూడు బారలు. నాకది అలవాటు. తాడైనా, తీగైనా, చేతిలోంచి పోయేటప్పుడు కొలవకుండా పోనివ్వను.

అతను కాలిన కొస జానెడు కోసేశాడు. తొడుగు ఒలిచి, గాజును స్పిరిటుతో తుడిచి, చిన్న కత్తెర పెట్టెలో పెట్టి నొక్కాడు. తెగిన గాజు నలుసును వేలితో ముట్టకుండా అట్టకు అంటిన జిగురు మీదికి దింపాడు. నేల మీద పడి కాలికి గుచ్చుకుంటే కనపడదంట, తీయలేమంట. మొహం పక్కకు తిప్పి ఊపిరి వదులుతున్నాడు.

“మీ నాన్న కూడా ఇంతే,” అన్నాను. “గడియారం విప్పితే మనిషి వచ్చినా పలికేవాడు కాదు.”

“ఊపిరి తగిలితే గడియారానికి జలుబు చేస్తదనేవాడు పెద్దమ్మా,” అన్నాడు, చూపు తిప్పకుండా.

రెండు కొసలూ చిన్న యంత్రంలో ఎదురెదురుగా పెట్టాడు. అవి వాటంతటవే జరుక్కుంటూ దగ్గరకు వచ్చాయి. చిటుక్కుమని ఒక మెరుపు. అగ్గిపుల్ల గీసినంత సేపు కూడా పట్టలేదు. రెండు గాజులు ఒకటయ్యాయి.

పెట్టెకు బిగించి మీట నొక్కింది పిల్ల. చుక్కలు సర్దుకుని గీతలయ్యాయి. “కట్ట మీద ఎవరైనా నడవాలి,” అంది. అతను అతుకుకు తొడుగు ఎక్కిస్తున్నాడు. ఆమె తెర వదిలి రాలేదు. నేను ఫోన్ చెవికి పెట్టుకొని బయల్దేరాను.

పొద్దు వాలుతోంది. కాలువ నిండుగా పోతోంది. ఇదే కట్ట మీద ఆయన కర్ర ఆనించుకుంటూ పోయిన చోట్లు నాకు గుర్తే. ఒక తుమ్మ మొదలు దగ్గరకు పోయేసరికి ఫోన్లో పిల్ల గొంతు.

“నాయనమ్మా, కుడికాలు ఈడుస్తున్నావు.”

“ఎవరు చెప్పారే?”

“నువ్వే చెబుతున్నావు. ఒక అడుగు గట్టిగా పడుతోంది, ఒకటి గీసుకుంటూ పడుతోంది. మోకాలు నొప్పి తగ్గిందన్నావుగా?”

“తగ్గింది.”

“ఇప్పుడు ఆగావు. కూర్చున్నావా?”

కూర్చున్నాను నిజమే. అర మైలు అవతల గదిలో కూర్చొని నా మోకాలి గుట్టు లాగిన పెట్టె మీద కోపం వచ్చింది. దాన్ని నా బొంత మీద కూర్చోబెట్టింది నేనే. డాక్టరు దగ్గరకు తీసుకుపోద్దేమోనని ఏడాదిగా దాచుకున్న సంగతది.

“లేచి నిదానంగా ఇంటికి రా. నువ్వు పక్కకు తప్పుకుంటే ఇంకోటి చూడాలి,” అంది.

నేను వచ్చేసరికి తెర మీద వేలు పెట్టి చూపించింది. నా అడుగులు పోయిన తర్వాత కూడా ఒక చోట సన్నటి గీత చెరగకుండా నిలబడి ఉంది. కప్పలైతే ఆగి ఆగి వస్తాయంట, మోటారైతే ఒక లెక్కన వస్తుందంట. ఇది నీళ్లే అయ్యుండొచ్చు అంది. గట్టిగా మాత్రం అనలేదు. అందరం టేపు పట్టుకొని పోయి ఆ దూరం కొలిచి ఒక గూటం కొట్టాం. గడ్డి పొడిగానే ఉంది. చెయ్యి పెట్టి చూశాను, చల్లదనం కూడా లేదు. ఆమె ఇంటికి వచ్చి అన్నం కెలికి వదిలేసింది. నా ఇంట్లో ఎవరి కంచంలో మెతుకు మిగిలినా ఊరుకోను. ఆ పూట ఆ కంచం నేనే తీశాను.

మర్నాడు ఇంజనీర్లు ఏడున్నరకు వచ్చారు. ఇద్దరు సార్లు, పార పట్టుకున్న కూలీ ఒకతను. పెద్దసారు తెర చూశాడు. చిన్నసారు కట్ట మీద నడిస్తే గీతలు నడిచాయి.

“బాగుందమ్మా. మనిషిని నేను కళ్లతోనే చూస్తాగా. నాకు నీళ్లు చూపించు,” అన్నాడు పెద్దసారు.

గూటం దగ్గరకు తీసుకెళ్లింది. కూలీ తవ్వాడు. మోకాలి లోతులో తీగ కనపడింది. మట్టి పొడిపొడిగా రాలింది. ఇంకో జానెడు తవ్వాడు. పొడే. పెద్దసారు గడియారం చూసుకున్నాడు. నా మనవరాలు చేతిలోని అంకెల కాగితం చూస్తూ నిలబడింది.

“ఏమే,” అన్నాను, “నిన్న అతికిన ముక్క మూడు బారలు. కోసేసింది జానెడు. దాన్ని లెక్కలో తీసుకున్నావా?”

ఆమె నా వైపు చూసి, నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. “లేదు. పాత కొలతే వేశా. అంత మేర ఇంటివైపు జరగాలి.”

టేపు కోసం చూస్తుంటే నేను ఆగలేదు. చీర ఎగ్గట్టి, వంగి, గూటం దగ్గర నుంచి ఇంటివైపు కట్ట పాదం వెంట చేతులు చాచి మూడు బారలు కొలిచి మడమతో గుర్తు పెట్టాను. “ఇక్కడ తవ్వు నాయనా.”

రెండో పోటుకే పార బురదలో దిగింది. మట్టి జారి, ఎండ్రకాయ బొరియంత కన్నంలోంచి మసక నీళ్లు వచ్చి కూలీ పాదాల మీదికి పారాయి. పెద్దసారు బూట్లు విప్పి తనే కిందికి దిగి చెయ్యి పెట్టి చూశాడు.

“కొలత తప్పింది మిషనుదా, మీదా?” అని అడిగాడు.

“నాది సార్,” అంది నా మనవరాలు. “నిన్న తీగ కొస మార్చాం. పొడవు సరిచేయటం మర్చిపోయాను.” కొస ఎందుకు మార్చాల్సి వచ్చిందో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

పది గంటలకల్లా కాలువ నీళ్లు తగ్గించి, లోపలివైపు బొరియ వెతికి ఇసుక మూటలు వేశారు. పెద్దసారు రెండు పేజీలు రాసుకొని, వచ్చే వారం ఆఫీసుకు రమ్మని, పెట్టె మా ఇంట్లోనే ఉంచమని చెప్పి వెళ్లాడు. ఆ తర్వాత నా మనవరాలు నన్ను బండి ఎక్కించుకొని నరసరావుపేట మోకాలి డాక్టరుకు చూపించింది. తిరిగి వచ్చాక నా గొడుగు నాలుగు టోపీలూ పీకి తన సంచీలో వేసుకుంది. నేను చిక్కుడు పాదుకు కట్టిన తీగ ముక్క విప్పి, మూతి తుడవకుండా, డబ్బాలో పెట్టాను.